ఎర్రదుమ్ములో స్పోర్ట్స్ కారు

 హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతం గుండా సాగుతుంది. విజయవాడ పోయే 65వ నంబరు రహదారి నల్లగొండ జిల్లాను దాటుకుంటూ పోతుంది. జడ్చర్ల, కొత్తకోట, నార్కట్‌పల్లి, సూర్యాపేట దగ్గర కాసేపు నిలబడితే చాలు, కంపెనీ అమ్మినప్పటి గొంతు మార్చుకున్న కార్లు కొన్ని చెవిన పడతాయి. వేగంగా పోయే కారు కొన్నవాళ్లు, లేదా మామూలు కారునే అలా మార్చుకోవాలనుకునేవాళ్లు మొదట చేయించే పనులు రెండు. ఒకటి, ఇంజన్ గాలి పీల్చే దారిలో కంపెనీ పెట్టిన నల్లటి ప్లాస్టిక్ డబ్బాను, అందులోని కాగితం ఫిల్టర్‌ను తీసేసి, బానెట్ కింద బయటికి కనిపించే శంఖం ఆకారపు ఫిల్టర్ బిగించడం. రెండోది, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం. దీన్నే రీమ్యాప్ అంటున్నారు. ఈ రెండింటిలో మొదటిది మన నేలమీద, మన ఎండలో బలం పెంచకపోగా తగ్గిస్తుందనీ, రెండోదానికి తగిన చోటు హైవే కాదనీ నా వాదన. నచ్చనివాళ్లు చాలామంది ఉంటారని తెలుసు. అందుకే లెక్కతో చెబుతాను.

ముందు గాలి సంగతి. ఇంజన్ పెట్రోలుతో నడుస్తుందని అంటాం గానీ అది మింగేది ఎక్కువగా గాలినే. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలుకు ఇది దాదాపు 11 కిలోలు. మన ఎండాకాలపు గాలిలో అది పదివేల లీటర్ల పైమాటే. పెట్రోలును ఎంతైనా చిమ్మవచ్చు, అది పంపు పని. గాలిని లోపలికి రప్పించడమే కష్టం. కాబట్టి ఎంత గాలి పోతే అంత బలం అన్న మాట అక్షరాలా నిజం. మోటారు పోటీలు నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు కనుకనే బలానికి కళ్లెం వేయాలంటే గాలికే వేస్తారు. ప్రపంచ ర్యాలీ పోటీల్లో 1995 నుంచి చాలా ఏళ్లపాటు గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే టర్బోకు ముందు 34 మిల్లీమీటర్లకు మించని ఇరుకు మెడ తప్పనిసరిగా ఉండేది. గాలి అంతా ఆ మెడ గుండానే పోవాల్సి వచ్చేది. అదే ఏడాది స్పెయిన్‌లో జరిగిన కాటలోన్యా ర్యాలీలో టొయోటా జట్టు కార్లలో ఆ మెడను తప్పించుకుని పక్కదారిన గాలి తీసుకునే ఏర్పాటు దొరికింది. విప్పి చూసేటప్పుడు అమాయకంగా కనిపించి, బిగిస్తే పక్కకు జరిగే స్ప్రింగుల అమరిక అది. జట్టు సంపాదించిన పాయింట్లన్నీ పోయాయి, పన్నెండు నెలల నిషేధం పడింది. దొంగతనమే అయినా దాని వెనక పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. గాలికి అంత విలువ ఉంది.

మరి అంత విలువ ఉన్నప్పుడు ఫిల్టర్ డబ్బా తీసేసి గాలి దారి వెడల్పు చేస్తే తప్పేమిటి? ఇక్కడే జనం పొరపడుతున్నారు. ర్యాలీ కారులో ఆ ఇరుకు మెడ నిజంగానే గొంతు నొక్కేది. మన కారులోని ఫిల్టర్ డబ్బా అలాంటిది కాదు. శుభ్రంగా ఉన్న కాగితం ఫిల్టర్, దాని గొట్టం కలిసి, ఇంజన్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు కూడా గాలి ఒత్తిడిని తగ్గించేది సాధారణంగా ఒకటి రెండు శాతమే. అంటే ఫిల్టర్‌ను పూర్తిగా పీకి పారేసినా దక్కే లాభం దాదాపు అంతే. వంద హార్స్‌పవర్ కారుకు ఒకటో రెండో. ఇప్పుడు నష్టం లెక్క చూద్దాం. కంపెనీ డబ్బా గాలిని ముందు గ్రిల్ దగ్గర నుంచో, చక్రం పైనున్న రేకు చాటు నుంచో తీసుకుంటుంది. అంటే బయటి గాలి. బానెట్ కింద తెరిచిపెట్టిన ఫిల్టర్ ఇంజన్ వేడితో కాగిన గాలిని పీలుస్తుంది. బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద 65 డిగ్రీలు అనుకుందాం. టోల్‌గేటు దగ్గర నిలిచి కదిలే కారుకు అది పెద్ద లెక్క కాదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఆ 25 డిగ్రీల తేడాకు అదే పరిమాణంలో గాలి బరువు ఏడు శాతం పైగా తగ్గుతుంది. రెండు శాతం సంపాదించి ఏడు శాతం పోగొట్టుకోవడం ఏ వ్యాపారం? పైగా దానికి వేలల్లో ఖర్చు. గొట్టం పొడుగ్గా పెట్టి చల్లగాలి తెచ్చే కిట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ చాలా కార్లలో కంపెనీ గొట్టం ఇప్పటికే ఆ పని చేస్తోంది.

మన మెట్టభూముల ఎత్తు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, నల్లగొండ దానికంటే కొంచెం దిగువన. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే ఐదారు శాతం తక్కువ. దానికి 42 డిగ్రీల మే నెల మధ్యాహ్నం తోడైతే, ప్రామాణిక వాతావరణంగా పుస్తకాల్లో రాసే 15 డిగ్రీల తీరప్రాంతపు గాలితో పోల్చినప్పుడు మన గాలి బరువు 14 శాతం దాకా తక్కువ తూగుతుంది. టర్బో లేని కారు అయితే కంపెనీ కాగితం మీద రాసిన వంద గుర్రాల్లో కొన్నింటిని ఈ ఎత్తూ ఎండా కలిసి తినేస్తాయి. అదే కారు డిసెంబరు తెల్లవారుజామున చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. కొత్త ఫిల్టర్ చలికాలంలో బిగించుకున్నవాళ్లు పికప్ పెరిగిందని చెప్పే మాటలో సగం ఘనత చలిదే. మిగిలిన సగం చప్పుడుది. గాలి లాగే శబ్దం గట్టిగా వినిపిస్తే కారు వేగంగా పోతున్నట్టే తోస్తుంది. స్పీడోమీటర్ ముల్లుకు ఆ సంగతి తెలియదు.

వేడి ఒక ఎత్తు, దుమ్ము ఇంకో ఎత్తు. ఈ ప్రాంతంలో చాలావరకు గ్రానైటు నేల. ఆ రాయి అరిగి, పొడి అయి, ఎర్రచల్క నేలగా మారింది. దాంట్లో మెరిసే చిన్న చిన్న పలుకులు క్వార్ట్జ్, అంటే సిలికా. గట్టిదనం కొలిచే మో స్కేలు మీద క్వార్ట్జ్ ఏడో మెట్టు మీద ఉంటుంది. మామూలు ఉక్కును గీకగలిగేంత గట్టిది. దీనికి తోడు క్వారీలు, క్రషర్లు, కంకర లారీలు. మన పల్లెదారుల్లో ముందు పోతున్న ట్రాక్టర్ లేపే దుబ్బ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంజన్‌కు పెద్ద ఇసుక రేణువుల కంటే కంటికి కనిపించని సన్న ధూళి ఎక్కువ ప్రమాదం. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రాన్లే. ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల పలుకు ఆ సందులో ఇరుక్కుంటే, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే ప్రతిసారీ గోడను గీస్తుంది. బోరు అరుగుతుంది, కంప్రెషన్ పడిపోతుంది, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, సైలెన్సర్ నీలంపొగ కక్కుతుంది. బలం కోసం చేయించిన మార్పు ఒకటి రెండేళ్లలో ఉన్న బలాన్నే హరించిందంటే కారణం ఇదే.

ఫిల్టర్ల కంపెనీలు డబ్బాల మీద శాతాలు రాస్తాయి. వాటిని చదవడంలో ఒక కిటుకు ఉంది. ఉదాహరణకు ఒక కాగితం ఫిల్టర్ దుమ్ములో 99.5 శాతం ఆపుతుందనీ, గాలి తేలిగ్గా వదిలే ఇంకో ఫిల్టర్ 97 శాతం ఆపుతుందనీ అనుకుందాం. తేడా రెండున్నర శాతమేగా అనిపిస్తుంది. కానీ ఇంజన్ లెక్క ఆగిన దుమ్ముతో కాదు, లోపలికి పోయిన దుమ్ముతో. మొదటిదాంట్లో అరశాతం పోయింది, రెండోదాంట్లో మూడు శాతం. అంటే ఆరు రెట్లు. ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ పద్ధతి ఐఎస్ఓ 5011. గాలిలో నిర్ణీత మోతాదులో ప్రామాణిక ధూళి కలిపి, ఫిల్టర్ ఎంత ఆపింది, గాలికి ఎంత అడ్డుపడింది, ఎంత దుమ్ము పట్టాక నిండిపోయింది అన్నీ కొలుస్తారు. ఫిల్టర్ అమ్మేవాళ్లను అడగాల్సింది ఆ మూడు అంకెలు. రంగు, చప్పుడు, పెట్టె మీది బొమ్మ కాదు. నూనె పట్టించిన నూలు ఫిల్టర్లకు మరో చిక్కు ఉంది. నూనె ఎక్కువ పూస్తే కొంత గాలితోపాటు కొట్టుకుపోయి, గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సర్ సన్నతీగ మీద పేరుకుంటుంది. సెన్సర్ తప్పు చెబితే కంప్యూటర్ తప్పు పెట్రోలు పోస్తుంది.

ఈ విషయంలో మన ట్రాక్టర్ డ్రైవర్లు కార్ల యజమానుల కంటే ముందున్నారు. పాత ట్రాక్టర్లకు ఉండే ఆయిల్ బాత్ ఫిల్టర్ గాలిని ముందు నూనె మీదుగా తిప్పి, దుమ్మును ఆ నూనెలోనే దించేస్తుంది. దుక్కుల కాలంలో గిన్నె విప్పి, అడుగున పట్టిన ఎర్రమడ్డి తుడిచి, కొత్త నూనె పోసుకోవడం వాళ్లకు పొద్దున ముఖం కడుక్కోవడమంత మామూలు పని. ఇంజన్ ఊపిరి మూతపడకూడదనీ, బరితెగించి తెరుచుకోకూడదనీ వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. బోరు అరిగిన ఇంజన్‌ను రీబోరు చేయించడానికి అయ్యే ఖర్చు చెప్పింది.

ఇక రెండో పని, రీమ్యాప్. ఇక్కడ ప్రత్యర్థుల వాదనలో బలం ఉంది, ఒప్పుకోవాలి. కంపెనీలు ఇంజన్‌ను దాని శక్తికి చివరి అంచుదాకా నడపవు. కాలుష్యపు నిబంధనలు, వారంటీ, మైలేజీ అన్నీ చూసుకుని వెనక్కు తగ్గిస్తాయి. టర్బో ఉన్న పెట్రోలు కారులో బూస్టు (టర్బో ఇచ్చే ఒత్తిడి), నిప్పురవ్వ పడే సమయం, ఇంధనం లెక్క మారిస్తే 20 శాతం, కొన్నింటిలో 30 శాతం దాకా బలం పెరగడం అబద్ధం కాదు. టర్బో లేనివాటిలో ఐదారు శాతం వస్తే గొప్ప. అయితే కంపెనీ మిగిల్చిన ఆ ఖాళీ ఎవరి కోసం? వారంటీలో పాడైతే డబ్బు కట్టాల్సింది కంపెనీయే కాబట్టి తన కోసమే అనవచ్చు. కానీ ఆ లెక్కలో మనమూ ఉన్నాం. 44 డిగ్రీల ఎండలో, ఏసీ నడుస్తుండగా, ఐదుగురు ఎక్కిన కారు టాప్ గేరులో నల్లమల ఘాటు ఎక్కే రోజు ఒకటి వస్తుందని ఊహించి వదిలిన ఖాళీ అది. ఆ రోజు సిలిండర్‌లో ఇంధనం సమయానికి ముందే తనంతట తాను మండితే దాన్ని నాకింగ్ అంటారు. లోపల సుత్తితో కొట్టినట్టు టకటక శబ్దం వస్తుంది. కంపెనీ ప్రోగ్రాం అయితే నాక్ సెన్సర్ మాట విని నిప్పురవ్వను ఆలస్యం చేసి, బలం తగ్గించి ఇంజన్‌ను కాపాడుతుంది. ఉన్న ఖాళీనంతా మే నెలకు ముందే ఖర్చుపెట్టేసిన ప్రోగ్రాంకు వెనక్కు తగ్గడానికి చోటు తక్కువ.

ఇంధనం కూడా నిలకడగా లేదు. దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, రెండేళ్లలో చాలా బంకులకు చేరింది. ఇథనాల్ పేరు మన పాలమూరు శ్రోతలకు చిత్తనూరు ఇథనాల్ ఫ్యాక్టరీపై జరిగిన ఆందోళనల వల్ల పరిచయమే. ఇంజన్ దృష్టితో చూస్తే ఇథనాల్‌కు రెండు ముఖాలు. నాకింగ్‌ను తట్టుకునే గుణం పెట్రోలు కంటే ఎక్కువ, ట్యూనింగ్ చేసేవాళ్లకు ఇది మంచి వార్త. కానీ లీటరుకు శక్తి మూడో వంతు తక్కువ, కాలడానికి కావలసిన గాలి పాలు కూడా వేరు. కిలోకు 14.7 కాదు, తొమ్మిది చాలు. అంటే ఇథనాల్ కలిసినకొద్దీ అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది. పాత పెట్రోలు మీద అంచుకు బిగించిన ప్రోగ్రాం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ సర్దుబాటు చాలక ఇంధనం పలచబడితే వేడి పెరుగుతుంది. పిస్టన్ కరిగేది అలాగే. ఎక్కడో చల్లని దేశంలో తయారైన ప్రోగ్రాం ఫైలును పెన్‌డ్రైవులో తెచ్చి మన కారులో ఎక్కించేవాళ్లు ఈ లెక్కలు చూశారో లేదో కారు యజమానే అడగాలి. డైనో మీద, అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే యంత్రం మీద, ముందూ వెనకా కొలిచి కాగితం చేతికిస్తే సరే. లేకపోతే ఆ 30 శాతం వట్టి నోటిమాటే.

వానాకాలం గురించి ఒక్క మాట. చల్లగాలి కోసం గొట్టాన్ని బంపర్ కిందికి దించే కిట్లు రైల్వే అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లను కూడా పీలుస్తాయి. మూడు సిలిండర్ల లీటరు ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు ఒక్కో సిలిండర్‌కు దాదాపు 35 మిల్లీలీటర్లు. ఏడు టీస్పూన్లు. నీరు గాలిలాగా నలగదు. అంతకు మించి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంపెనీ గొట్టం నోరు ఎత్తున ఉండటానికి ఇదొక కారణం.

నా కారు, నా డబ్బు, మీకేమిటి అనే మాట తరచూ వినిపిస్తుంది. చట్టం దీనికి సూటిగానే జవాబు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చంది. మార్చిన సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర ఆ ప్రశ్న ఎదురవుతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, మన హైవేల మీద వేగపరిమితి బోర్డులు గంటకు వంద దాటవు. ఆ వంద అందుకోవడానికి మామూలు చిన్నకారే చాలు. రోడ్డు దాటే గొర్రెల మందకు, రాంగ్ రూటులో వచ్చే బైకుకు, వడ్లు ఆరబోసిన సగం రోడ్డుకు పెరిగిన గుర్రాలతో పనిలేదు. పనికొచ్చేది బ్రేకులు, టైర్లు. చిత్రమేమిటంటే ఇంజన్ మీద లక్ష ఖర్చుపెట్టినవాళ్లే టైర్లు నున్నగా అరిగేదాకా నడుపుతారు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇలా ప్రతిదానికీ వద్దంటే మన పిల్లలకు ఇంజన్ విప్పడం, బిగించడం, మెరుగుపరచడం ఎలా వస్తుంది? ఇది నిజమైన ప్రశ్న. ట్యూనింగ్ ఒక విద్య. దాన్ని గౌరవించాలి. ఆ విద్యకు దక్షిణాదిలో మంచి వారసత్వమే ఉంది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి ఇంజన్‌తో ఒంటిసీటు రేసుకార్లు తయారుచేయించి, తక్కువ ఖర్చుతో పోటీలు నడిపించాడు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరు మీద కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులు తామే కట్టిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ అక్కడే జరుగుతుంది. ఆ తరహా పోటీల నియమం వినండి. ఇంజన్ 710 సీసీ దాటకూడదు, లోపలికి పోయే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. మన రూపాయి బిళ్లను మించని రంధ్రం. అంత ఇరుకులోంచి ఎక్కువ బలం రాబట్టడమే పిల్లల పని. గాలి గొట్టం పొడవు, గాలి పెట్టె పరిమాణం, ఇంధనం మ్యాపు అన్నీ లెక్కకట్టి, కొలిచి, మళ్లీ మార్చుకోవాలి. శంఖం ఫిల్టర్ కొని బిగించడంలో ఆ విద్యలో పావలా వంతు కూడా లేదు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న ప్రపంచస్థాయి పోటీ ఫార్ములా-ఈ జరిగింది, మరుసటి ఏడాది పోటీ రద్దయింది. అక్కడ పరుగెత్తినవి విద్యుత్ కార్లు, వాటికి గాలి గొట్టమే లేదు. ఇంజన్ ట్యూనింగ్ నేర్చుకోవడానికి మిగిలిన కాలం ఎంతో గానీ, ఉన్నంతలో నేర్చుకోవాలంటే కోయంబత్తూరు దారే మేలు.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో పుట్టిన పాలిటెక్నిక్ ఉంది. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీలు, ఐటీఐలు ఉన్నాయి. వాటి మెకానికల్ అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. మీ పిల్లలతో ఒక జట్టు కట్టించండి, ఆ 20 మిల్లీమీటర్ల రంధ్రంతో కుస్తీ పట్టించండి. కార్లున్న శ్రోతలు మాత్రం ఎండలు ముదిరేలోపు ఫిల్టర్ డబ్బా ఒకసారి విప్పి చూడండి. గట్టిగా ఊదితే దుమ్ము రాలే ఫిల్టర్‌ను ఎయిర్ గన్‌తో కొట్టించకండి, కాగితానికి చిల్లులు పడతాయి. మట్టిదారుల్లో తిరిగే బండి అయితే కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువులో సగానికే కొత్తది వేయించుకోండి. డబ్బా క్లిప్పులు, రబ్బరు అంచు సరిగ్గా కూర్చున్నాయో లేదో మెకానిక్ దగ్గర నిలబడి చూసుకోండి.